పాత గిటారు, తొండం ఉన్న గిటారు

తేదీ లేని జ్ఞాపకాన్ని నేను నమ్మను. కొలత లేని పొగడ్తను అసలే నమ్మను. ఈ రెండు అలవాట్ల వల్ల జీవితంలో నాకు స్నేహితులు తగ్గారు. పొరపాట్లు కూడా కొంత తగ్గాయి. అందువల్ల ముందుగా కాలమూ స్థలమూ చెప్పి మొదలుపెడతాను. కాలం 1968 ఫిబ్రవరి, మాఘమాసపు పెళ్ళిళ్ళ రోజులు. స్థలం విజయనగరం. అప్పటికి అది జిల్లా కాదు. విశాఖపట్నం జిల్లాలో ఒక ఊరు. ఈ సంగతి గుర్తుచేస్తే ఊరివాళ్ళకు ఇప్పటికీ కోపం వస్తుంది. వారి దృష్టిలో విజయనగరం ఏ జిల్లాలోనూ లేదు, సంగీతంలో ఉంది.

ఆ సంగీతం గురించి కూడా లెక్కగానే చెప్పాలి. ఊళ్ళో వాయించగలిగినవారు కొందరు. తప్పు పట్టగలిగినవారు అందరూ.

మా అక్క భర్త, అంటే మా బావ, ఆ ఊళ్ళో ఒక ఆర్కెస్ట్రా పార్టీలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. ఆయన ఇంటివారు తరతరాలుగా గుడిలో సన్నాయి, డోలు సేవ చేసినవారు. అటువంటి ఇంట్లోంచి ఒకడు బయటికి వచ్చి, కరెంటు తీగ తగిలిస్తే తప్ప పలకని వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకోవడం వారికి తలవంపుగా ఉండేది. బావ తండ్రి అన్న మాట మా అక్క పెళ్ళిపందిట్లోనే నా చెవిన పడింది.

“దాంతో బతగ్గలిగితే బతుకు. నేదంటే గుడికొచ్చి డోలు మెల్లో ఏసుకో. మద్దెన ఇంకో దారి నేదు.”

కాబట్టి బావ పరువు ఆ ఆరు తీగల మీద ఆధారపడి ఉంది. పార్టీలో గిటారు చోటు పోయిందంటే, డోలు మెళ్ళో వేసుకుని తండ్రి ఎదుట నిలబడడమే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తండ్రికి మరీ బాగా తెలుసు; కొడుకు కోసం ఒక డోలుకు కొత్త తాళ్ళు బిగించి చూరుకు వేలాడదీసి ఉంచాడు.

పార్టీ యజమానికి మైకు సెట్టు దుకాణం ఉండేది. ఆయన పెళ్ళిళ్ళకు మైకులు అద్దెకిచ్చేవాడు. మైకు ముందు ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి పార్టీ పెట్టాడు. సంగీతం మీద ఆయనకున్న సిద్ధాంతం ఒక్కటే: వీధి చివరిదాకా వినబడాలి. ఆయన కూతురికి అత్తవారి ఊరు ఖరగ్‌పూరు నీళ్ళు పడలేదు. ఆమె పుట్టింటికి వచ్చి తిరిగి వెళ్ళలేదు. అల్లుణ్ణి కూడా ఇక్కడికే రప్పించి నిలపాలంటే ఏదో ఒక పని చూపించాలి. అల్లుడికి గిటారు వచ్చు. ఎంత వచ్చు అన్న ప్రశ్న మామగారికి కలగలేదు.

ఆ అల్లుడు ఫిబ్రవరి మొదట్లో మెయిలు బండిలో దిగాడు. వెంట ఒక నల్లని పెట్టె తెచ్చాడు. అందులో ఉన్నది, బావ వాయిస్తున్న గిటారును తయారుచేసిన కలకత్తా వారే దాన్ని బాగుచేసి కొత్తగా విడుదల చేసిన నమూనా. బావది వెలిసిన ఎర్ర రంగు. ఇది నీలం, అంచుల్లో తెలుపు. పెట్టె తెరిచినప్పుడు దుకాణం ముందు నిలబడ్డవారంతా ఒక అడుగు వెనక్కి వేశారు, పాము బయటికి వచ్చినట్టు.

యజమాని నన్ను పిలిపించాడు. నేను అప్పుడు హైస్కూలులో సైన్సు మాస్టారును.

“మాస్టారూ, ఈ ఊల్లో అందరూ నోటికొచ్చింది సెప్తారు. మీరైతే లెక్క సెప్తారు. రెండూ పక్కపక్కన ఎట్టి ఏటి తేడాయో తేల్చండి.”

“మా బావ కదండీ ఒకవైపు ఉన్నది?”

“అందుకే మిమ్మల్ని పిలిసినాను. మీరు సెప్తే మీ అక్క కూడా నోరు మూసుకుంటాది.”

ఈ అంచనా తప్పు. మిగతావన్నీ నేను సరిగానే కొలిచాను. హెడ్మాస్టరు అనుమతితో స్కూలు ప్రయోగశాల నుంచి స్ప్రింగు త్రాసు, శ్రుతి చూసే ఇనుప ఫోర్కు తీసుకువెళ్ళాను. పాత గిటారు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు తూగింది. కొత్తది మూడు కిలోల ఏడు వందలు. కిలోలంటే పెద్దలకు అప్పటికింకా పరాయి లెక్క కావడంతో వీశెల్లోకి మార్చి చెప్పాను. “సూసినారా, బరువులోనే ఉన్నాది గొప్ప!” అని యజమాని చుట్టూ ఉన్నవారికి చాటాడు. బరువే గుణమైతే మా స్కూలు బెంచీని మించిన వాద్యం లేదని నేనన్నాను. ఆ మాటను ఆయన చాటలేదు.

పాతదానికి తీగల కింద ధ్వనిని పట్టే అయస్కాంతపు పెట్టె ఒకటి. కొత్తదానికి రెండు. పాతదానికి తిప్పే గుబ్బలు రెండు. ఒకటి శబ్దాన్ని పెంచుతుంది, రెండోది దాని పదును తగ్గిస్తుంది. కొత్తదానికి నాలుగు. ఎక్కువగా ఉన్న రెండూ ఏం చేస్తాయని అల్లుణ్ణి అడిగాను.

“ఎఫెక్టు, మాస్టారూ.”

“ఎఫెక్టు అంటే?”

“అది వినాలండీ. చెప్పేది కాదు.”

నేను విన్నాను. ఒక గుబ్బ తిప్పితే తేడా వచ్చింది. రెండోది తిప్పితే అల్లుడి ముఖంలో మాత్రమే తేడా వచ్చింది. అయినా న్యాయంగా చెప్పవలసిన మాట మరొకటి ఉంది. ఒక్క తీగ మీటి గడియారం చూస్తే, పాతదాని నాదం ఆరు సెకండ్లలో ఆరిపోయింది. కొత్తదానిది పదకొండు సెకండ్లు నిలిచింది. శ్రుతి నిలకడలో రెంటికీ తేడా లేదు. మీటిన ప్రతి తీగా కొత్తదానిలో తేటగా పలికింది. బంధుత్వానికి కొలమానం లేదు కాబట్టి, నా నిర్ణయం అందరి ఎదుటే చెప్పాను: కొత్తదే మేలు.

ఆ తరువాత కొంతకాలం మా అక్క ఇంట్లో నాకు కాఫీ దొరకలేదు.

అసలు విశేషం ఇంకా చెప్పలేదు. కొత్త గిటారుకు తీగలు ముగిసే చోట వంపు తిరిగిన ఒక ఇనుప కడ్డీ ఉంది. దాన్ని వేలితో కిందికి నొక్కితే ఆరు తీగలూ ఒక్కసారిగా వదులై స్వరం కిందికి జారుతుంది. వదిలేస్తే లోపలి స్ప్రింగు మళ్ళీ యథాస్థానానికి లాగుతుంది. నొక్కుతూ వదులుతూ ఉంటే స్వరం వణుకుతుంది. పాతదానిలో ఆ వణుకు కావాలంటే ఎడమచేత్తో తీగల మీద జరిపే ఉక్కు కడ్డీని ముందుకూ వెనక్కూ ఆడించాలి. అందుకు బావకు కొన్నేళ్ళు పట్టింది. కొత్తదానికి ఒక వేలు చాలు.

యజమాని తల్లి, పార్టీలో అందరికీ మామ్మ, ఆ కడ్డీని చూసి చెంపలు వేసుకుంది. “ఓలమ్మ! ఇనాయకుడి తొండమే!” అంది. అప్పటి నుంచి ఊళ్ళో దాని పేరు తొండం. వినాయకుడు స్వయంగా వచ్చి కూర్చున్నాక పూజ చేయకుండా ఎలా ఉంటారు? శుక్రవారం నాడు గిటారును పీట మీద పెట్టి, నెత్తిన గంధం అద్ది, అయస్కాంతపు పెట్టెల్లో తీగల కింద కనిపించే పన్నెండు ఇనుప చుక్కలకూ ఒక్కొక్కటిగా కుంకుమబొట్టు పెట్టింది. చుక్కలు ముందే ఉన్నాయి కదా, బొట్టు కోసం కాకపోతే మరి దేనికని ఆమె వాదన. చివరికి దిష్టి తగలకుండా, దారానికి ఒక నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు గుచ్చి తొండానికి కట్టింది. ఏనుగుకు తొండమే చెయ్యి; వినాయకుడి చేతికి కాక మరెక్కడ కడతారు?

మా ప్రాంతంలో గిటారును నిలబడి వాయించరని ఇక్కడ చెప్పాలి. పెద్దల ఎదుట నిలబడి వాయిస్తే పొగరు అంటారు. జంపఖానా పరిచి, బాసింపట్టు వేసుకుని, గిటారును వీణలాగా ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఉక్కు కడ్డీతో వాయించాలి. అంటే తొండం నేలకు సమాంతరంగా ఉంటుంది. దాని కొసకు వేలాడే వస్తువు, పెద్దదైనా చిన్నదైనా, దాన్ని కిందికే లాగుతుంది. ఈ వాక్యం నేను ఇప్పుడు రాసినంత తేలికగా అప్పుడు నాకు తట్టలేదు.

దుకాణం అరుగు మీద పోటీ పెట్టారు. కోర్టులో అమీనుగా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి తీర్పరి. ఆయన కచేరీ వినే తీరు, ఇల్లు జప్తుకు వచ్చినట్టుండేది: ఏది ఎక్కడుందో చూసుకుని, దేనికెంత వస్తుందో మనసులో వేసుకుంటూ. బావ ఒక పల్లవిని నెమ్మదిగా, నిండుగా వాయించాడు. అల్లుడు అదే పల్లవి వాయించి, ప్రతి వరస చివరా తొండాన్ని మూడేసి సార్లు నొక్కాడు. నొక్కినప్పుడల్లా నిమ్మకాయ ఊగింది. జనం నిమ్మకాయనే చూశారు.

అమీనుగారు కళ్ళు తెరిచారు. “గమకం చేతిలోంచి పుట్టాలని మనవాళ్ళు ఇన్నాళ్ళూ పొరబడ్డారండీ. అది వాద్యంలోనే ఉన్నప్పుడు చేతికి శ్రమ దేనికి? కొత్తదే శాస్త్రీయం.”

యజమాని బావ భుజం మీద చెయ్యి వేశాడు. “ఒరే నాయినా, నీ సోటు ఎక్కడికీ పోదురా. స్టేజీ మీదే ఉంటావు. గిటారు మాత్తరం అల్లుడుగారిది. నువ్వు గిలకలు ఊపు. ఈ నెలాకర్న పాతపట్నం సావుకారి పెల్లి ఉన్నాది కదా? అక్కడ అల్లుడు నిలదొక్కుకున్నాడా, మరి నువ్వు గుడికెల్లిపోయినా నాకేటి బాద నేదు.”

గిలకలంటే కొబ్బరిచిప్పల్లో గింజలు పోసి కర్రకు బిగించినవి. ఆరు తీగలు వాయించిన చేతులకు రెండు చిప్పలు ఇచ్చారు. ఆ సాయంత్రమే తండ్రి దగ్గర నుంచి బావకు కబురు వచ్చింది: డోలు దింపి ఎండబెట్టాను, పాతపట్నం నుంచి తిన్నగా గుడికే రా.

ఆ తరువాత దుకాణం వెనక గదిలో రోజూ సాధన. నేను స్కూలు నుంచి వస్తూ శ్రుతి ఫోర్కుతో ఒకసారి కొత్త గిటారును చూసి పోయేవాణ్ణి. నిర్ణయం చెప్పినవాడు నిర్ణయాన్ని గమనిస్తూ ఉండాలని నా నియమం. వారమంతా శ్రుతి బాగానే ఉండేది. శనివారం నాడు మాత్రం తప్పింది. ఎండిపోయిన నిమ్మకాయ తీసేసి మామ్మ పచ్చిది కట్టే రోజు శనివారం. అల్లుడు, “కొత్త తీగలండీ, సాగుతాయి” అని బిగించుకున్నాడు. ఆ కారణం నాకు కూడా సబబుగానే తోచింది. ఎండిన నిమ్మకాయ కన్నా పచ్చి నిమ్మకాయ బరువెక్కువని ఎవరైనా అడిగితే చెప్పగలిగేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

బావ మాత్రం ఆ గదిలో గిలకలు ఊపుతూ అల్లుణ్ణే చూస్తూ కూర్చునేవాడు. అందులో విద్వత్తు ఏమీ లేదు. చోటు పోయినవాడు ఆ చోట్లో కూర్చున్నవాణ్ణి చూసే చూపు అది. దానికి ఏ చిన్న సంగతీ తప్పిపోదు.

పాతపట్నం ప్రయాణానికి ముందు బావ మామ్మ దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను.

“మామ్మా, సావుకారి ఇంట పెల్లి. ఇటు మనోలు, అటు ఒరిస్సావోలు. ఎన్ని కల్లు పడతాయో ఏటో. ఒక్క నిమ్మకాయ ఏ మూలకి సరిపోతాది సెప్పు?”

“నిజమేరా నాయినా. నాకూ అదే బెంగ.”

“అదీ ఇక్కడ కట్టీసి తీసుకెల్తే దారిలోనే వాడిపోతాది. అక్కడ స్టేజీ ఎక్కినాక, జనం సూస్తన్నప్పుడు నువ్వే నీ సేత్తో కట్టాల. అప్పుడు గదా ఆ కల్లు దాని మీద పడతాయి.”

మామ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నీ సోటు లాగీసుకున్నా ఆడి మంచే కోరతన్నావురా.”

“ఏటి సేస్తాం మామ్మా. పెంపకం అలాటిది.”

విజయనగరం నుంచి పెద్ద రైల్లో నౌపడా, అక్కడ దిగి చిన్న రైల్లో పాతపట్నం వెళ్ళాం. యజమాని నన్ను కూడా రమ్మన్నాడు. కరెంటు తక్కువైతే మైకులు మూలుగుతాయి కాబట్టి స్కూలు వోల్టుమీటరు కావాలన్నాడు. అమీనుగారు పిలవకుండానే వచ్చారు. మామ్మ ఒళ్ళో నిమ్మకాయల సంచి, అల్లుడి ఒళ్ళో నల్లపెట్టె. బావ గిలకలు పట్టుకుని కూర్చున్నాడు. పక్కన పాత చీరలో చుట్టిన పొడవాటి మూట ఒకటి ఉంది. అదేమిటని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పనూ లేదు.

దీపాలు పెట్టే వేళకు పందిరి నిండింది. మీటరు చూశాను, రెండు వందల పద్దెనిమిది వోల్టులు, పల్లెటూరికి అది భాగ్యం. అల్లుడు హార్మోనియంతో కలిపి తీగలన్నీ శ్రద్ధగా శ్రుతి చేసుకున్నాడు. నేను ఫోర్కు పెట్టి చూశాను. వంక పెట్టడానికి లేదు.

అప్పుడు మామ్మ స్టేజీ ఎక్కింది. ఎండిన నిమ్మకాయ తెంపి, కర్పూరం తిప్పి, కొత్త దండ కట్టింది: మూడు పెద్ద నిమ్మకాయలు, గుప్పెడు మిరపకాయలు, నడుమ ఒక బొగ్గు ముక్క. జనం కళ్ళార్పకుండా చూశారు. తొండం వినయంగా కిందికి వంగింది.

మొదటి పాట ఎత్తుకున్నారు. హార్మోనియం ఒక స్వరం పలికింది. గిటారు హార్మోనియంలో ఏ మెట్టు మీదా లేని స్వరం పలికింది. రెండు మెట్ల మధ్య సందులో ఎక్కడో ఉంది అది. గాయకుడు కాసేపు దీన్ని, కాసేపు దాన్ని నమ్మి, చివరికి కళ్ళు మూసుకుని సొంత దారి పట్టాడు.

“వోల్టేజీ పడిపోయింది” అన్నారు అమీనుగారు.

“రెండు వందల పద్దెనిమిది” అన్నాను.

“మీ మీటరు పడిపోయి ఉంటుంది.”

ముందు వరసలో ఒకాయన పక్కవాణ్ణి పొడిచాడు. “ఏట్రా ఇది, పెల్లిపాటా?”

“ఇజినారం సంగీతమట బావా. అది మనకి అర్దం కాదు.”

“అర్దమైనట్టుంటే ఇంకా బయమేస్తాదిరా.”

పాట ఆగింది. అల్లుడు చెమటలు కారుతుంటే తీగలు బిగించసాగాడు. బిగించే చెయ్యి కదిలినప్పుడల్లా ఒడి కదిలింది. ఒడి కదిలితే దండ ఊగింది. దండ ఊగితే బిగించిన తీగ మళ్ళీ జారింది. లౌడు స్పీకర్లలో ఏదో పశువు దారి తప్పి ఏడుస్తున్నట్టు వినిపించింది. అయినా అతను వదలలేదు. చాలాసేపటికి, దండ వేలాడుతున్న స్థితికి తగినట్టు ఆరు తీగలనూ ఎక్కించుకున్నాడు. రెండో పాట మొదలైంది. శ్రుతి కలిసింది. యజమాని ఊపిరి పీల్చుకుని జనం వైపు చూసి నవ్వాడు. బావ చేతుల్లో గిలకలు నెమ్మదించాయి. ఆయన ముఖం చూస్తే, మెళ్ళో అప్పుడే డోలు పడ్డట్టుంది.

ఆ పాట బాగుండడమే మామ్మ కంట పడింది. దిష్టి మొత్తం నిమ్మకాయలు లాగేసుకున్నాయి; అందుకే పాట బాగుపడింది. దిష్టి లాగిన నిమ్మకాయలు ఇంకా అక్కడే ఉండకూడదు, నాలుగు దారులు కలిసే చోట పారేయాలి. ఆమె గబగబా స్టేజీ ఎక్కింది.

“మామ్మా, ఇప్పుడొద్దు!” అన్నాడు అల్లుడు, వాయిస్తూనే.

“నువ్వు వాయించు నాయినా, నీకేటి” అంటూ దండను పుటుక్కున తెంపింది.

తొండం పైకి లేచింది. బిగించి పెట్టిన ఆరు తీగలూ ఒక్కసారి ఇంకా బిగిశాయి. అన్నిటికన్నా సన్నని తీగ తెగి, లౌడు స్పీకర్లలో తుపాకీ పేలినట్టు మోగింది. పీటల మీద పెళ్ళికొడుకు సగం లేచాడు. వంటశాల వైపు నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చారు. సావుకారు స్టేజీ దగ్గరికి వచ్చి యజమానిని కిందినుంచి పైదాకా చూశాడు.

“ఏటయ్యా, పెల్లికొచ్చినారా, యుద్దానికొచ్చినారా?”

“ఒక్క నిమసం బాబూ, ఒక్క నిమసం...” యజమాని బావ వైపు తిరిగాడు. “ఒరే, పాతది గాని తెచ్చినావేటి?”

“తెచ్చినాను మావా.”

“ఎందుకు తెచ్చినావు?”

“ఇంటికాడ ఎలకలున్నాయి మావా.”

చీర మూట విప్పారు. బావ గిలకలను అల్లుడి ముందు మర్యాదగా పెట్టి, ఎర్ర గిటారు ఒళ్ళోకి తీసుకుని, హార్మోనియం వైపు ఒక్కసారి తలూపాడు. ఆ సాయంత్రం ఆయన వాయించినదాన్ని బాగుందని నేను రాయను. బాగుండడానికి కొలత లేదు. పందిట్లో జనం మాట్లాడుకోవడం మానారని, సావుకారు మళ్ళీ స్టేజీ దగ్గరికి రాలేదని, ఆరు సెకండ్లలో ఆరిపోయే నాదం ఆరిపోకముందే పక్క స్వరం అందుకుందని మాత్రం రాస్తాను.

భోజనాల దగ్గర అమీనుగారు పులిహోర కలుపుకుంటూ తీర్పు సవరించారు. “నేను మొదటే అన్నాను కదండీ, గమకం చేతిలోంచే పుట్టాలని. యంత్రంలో ఏముంటుంది? పాతదే శాస్త్రీయం.” మొదట అన్నది అది కాదని, ఆ రోజు తేదీతో సహా గుర్తుచేశాను. ఆయన ఇంకొంచెం పులిహోర వేయించుకున్నారు.

ఆ దండ సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. మర్నాడు పొద్దున్న పాతపట్నం బజారులో అటువంటివే మూడు నిమ్మకాయలు, గుప్పెడు మిరపకాయలు కొని, అలవాటుగా వెంట తెచ్చుకున్న స్ప్రింగు త్రాసుకు తగిలించాను: నూట తొంభై గ్రాములు. స్టేషనులో అల్లుడి చేత పెట్టె తెరిపించి, మిగిలిన అయిదు తీగల్లో ఒకదానికి ఫోర్కు పెట్టి, తొండానికి ఆ దండ తగిలించి మళ్ళీ పెట్టి చూశాను. సందేహానికి తావులేదు. చిన్న రైలు కదిలాక అందరి ఎదుటా విషయం చెప్పాను: గిటారుకు ఏ లోపమూ లేదు, అల్లుడి చేతికీ లేదు, తప్పు నిమ్మకాయలది. వాటిని తీసేస్తే కొత్త గిటారు పాతదాని కన్నా మేలుగానే పలుకుతుంది.



“అంటే,” అన్నాడు యజమాని, “కాపాడడానికి కట్టింది పాడుసేసిందంటారా?”

“బరువు పాడుచేసిందంటాను.”

మామ్మ నా వైపు తిరిగింది. “మరైతే ఇప్పీసి వాయించమను. రేపు ఆడికేటైనా అయితే నువ్వు పూసీయేటి?”

“ఏమీ కాదమ్మా. లెక్క...”

“లెక్కా? నిన్న తీగ తెగి ఆడి కంటికి ఎంత దూరంలో పోయినాదో కొలిసినావా? దండ తీసిన చనంలో తెగినాది. అదీ లెక్క.”

ఆ వాదనలో కాలక్రమం సరిగ్గానే ఉందని ఒప్పుకోవలసి వచ్చింది. నేను అల్లుడి వైపు చూశాను. చదువుకున్నవాడు, తన పరువు నా లెక్కలోనే ఉంది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: “మాస్టారూ, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కాని నాకు దిష్టి తగిలిందండీ. పందిట్లో అందరూ నన్నే చూశారు.” నిమ్మకాయల వల్ల ఓడిపోయానని ఊరికి చెప్పుకోవడం కన్నా, అందం వల్ల ఓడిపోయానని చెప్పుకోవడం అతనికి నయమనిపించింది. ఆ వారమే భార్యను ఒప్పించి ఖరగ్‌పూరు తీసుకుపోయాడు. దండ మామ్మ పట్టుమీద అయిదు నిమ్మకాయలకు పెరిగింది. దానితో శ్రుతి చేయడం ఎవరి తరమూ కాలేదు కాబట్టి, నీలం గిటారును మైకు సెట్టు దుకాణం గుమ్మం పైన మేకుకు తగిలించారు. తొండం వీధి వైపు. దుకాణానికి దిష్టి తగలకుండా అది చాలా ఏళ్ళు కాపలా కాసింది. కలకత్తా వారు తమ పాత నమూనాకు చేసిన మార్పుల్లో మా ఊరు నిజంగా ఉపయోగించుకున్నది ఆ ఒక్క కడ్డీనే.

ఆ రైల్లో నా మాట ఎవరూ వినకపోయినా, విన్నవాడొకడున్నాడని నౌపడాలో దిగినప్పుడు తెలిసింది. పెద్ద రైలు కోసం ఎదురుచూస్తూ బావ, నేను ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాం. ఎర్ర గిటారు ఆయన భుజాన ఉంది. తిన్నగా గుడికే రమ్మన్న తండ్రికి పాతపట్నంలోనే ఒకరి చేత కబురు పంపాడు: డోలు మళ్ళీ చూరుకెక్కించమని.

“బావా,” అన్నాను, “నా లెక్క తప్పా?”

“తప్పెందుకవుతాది బామ్మర్దీ? నువ్వు సెప్పింది అచ్చరం పొల్లు పోకుండా నిజిమే.”

“అయితే కొత్తదే మేలని నువ్వూ ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోకుంటే అన్ని నిమ్మకాయలు ఎందుకు కట్టిస్తాను? మంచిదానికే కదరా దిష్టి.” ఆయన భుజం మీది గిటారును సర్దుకున్నాడు. “దీన్ని సూడు. దీనికి ఒక్క మిరపకాయైనా కట్టినారేటి ఎవులైనా?”